ఆలస్యంగా అందిన కానుక



మేమిద్దరం నాగర్‌కర్నూల్ జిల్లా అమ్రాబాద్‌లో కాపురముంటున్నవాళ్ళం. మాలో ఒకరం బడిపంతులుగా పనిచేసి విరమించుకున్నాం. మరొకరం ఇల్లూ, పశువులూ, రెండెకరాల పత్తి చేనూ చూసుకుంటూ పిల్లలను పెంచాం. ఈ సంగతి ఒక్కరమే రాస్తే సగమే వస్తుందని ఇద్దరం కూర్చున్నాం. ఒకరం చెబుతుంటే ఒకరం రాస్తున్నాం. మధ్యలో కొన్నిచోట్ల ఆగిపోయాం కూడా. మాటలు అటూ ఇటూ అయితే మన్నించండి.

మొదట ఒక వంటింటి సంగతి చెప్పనివ్వండి. మా వైపు పండుగ వచ్చినా, దూరపు చుట్టం వచ్చినా బోటి లేనిదే విందు కాదు. మేకను కోసిన చోట ముందుగా చేసే పని పేగులు తీసి వేరే పెట్టడం. ఆడవాళ్ళు వెంటనే ఆ పని మీద కూర్చుంటారు. లోపలికి నీళ్ళు పోసి కడిగి, తిరగేసి, ఉడుకునీళ్ళలో ముంచి, ఉప్పూ పసుపూ పెట్టి రుద్దుతారు. మా ఇంటి పెద్దామె బతికున్న దినాల్లో ఒక మాట అనేది: "కూర రేపటికి ఆగుతది, బోటి మాపటికి ఆగదు." మా వైపు కూర అంటే మాంసమే. ఎప్పుడైనా పనుల ఒత్తిడిలో బోటి మధ్యాహ్నం దాకా గిన్నెలో ఉండిపోతే, పైకి చూడడానికి పేగు పేగులాగానే ఉండేది. చెయ్యి పెడితే లోపలి పొర జిగురుగా ఊడి వేళ్ళకు వచ్చేది. ఆ దినం అది కుక్కల పాలే.

ఆ ముసలామె మాట మా బిడ్డ విషయంలో మాకు రెండుసార్లు ఎదురైంది. ఒకసారి వేడిలో, ఒకసారి మంచులో.

2023 ఆగస్టులో ఒక సాయంత్రం మా రెండోవాడు చేనుకు మందు కొట్టి ఇంటికొచ్చాడు. అప్పటికి వాడి వయసు 29. స్నానం చేసి రెండు ముద్దలు తిన్నాడో లేదో, "కడుపుల మెలిపెడుతున్నదే అమ్మా" అన్నాడు. వాము నీళ్ళు కాచి ఇచ్చాం. తగ్గలేదు. సోడా తెప్పించి తాగించాం. వేడి గుడ్డతో కాపడం పెట్టాం. చేత్తో నొక్కి చూస్తే కడుపు మెత్తగానే ఉంది, బిడ్డ మాత్రం చాప మీద పొర్లుతున్నాడు. నొప్పికి తగ్గ గట్టిదనం కడుపులో కనబడకపోతే గ్యాసు అనుకోవద్దనీ, అటువంటప్పుడే ఎక్కువ భయపడాలనీ మాకు తర్వాత తెలిసింది. ఆ రాత్రి మాకు అది ధైర్యమిచ్చింది. పొద్దున ఊళ్ళోనే ఒక సూది వేయించాం. మధ్యాహ్నానికి వాంతిలో రక్తం కనబడింది. అప్పుడు లేచాం. మన్ననూరు దాటి, ఘాటు దిగి, అచ్చంపేట. అక్కడినుండి హైదరాబాదు. మొత్తం దాదాపు 150 కిలోమీటర్లు. నగరంలో ఆస్పత్రి చేరేసరికి నొప్పి మొదలై ఒక పగలూ ఒక రాత్రీ గడిచిపోయాయి.

స్కానింగ్ తీసి చూశారు. పేగుకు రక్తం అందించే నాళంలో గడ్డ అడ్డుపడింది. రక్తం త్వరగా గడ్డకట్టే గుణం వాడికి పుట్టుకతోనే ఉందట, ఇన్నేళ్ళూ దాగి ఉంది. రాత్రికి రాత్రే కడుపు కోశారు. మనిషికి చిన్నపేగు సుమారు 6 మీటర్లుంటుంది. మావాడి పేగు చాలావరకు నల్లబడిపోయింది. పోయినదంతా తీసివేసి, మిగిలిన రెండు జానలంత పేగును పెద్దపేగుకు కలిపి కుట్టారు. ప్రాణం దక్కింది.

అప్పటినుండి మా ఇంటి జీవితం వేరే అయింది. వాడు అన్నం తింటాడు, జొన్నరొట్టె తింటాడు, కానీ అది ఒంటికి పట్టదు. అరగంటలో బయటికి పోతుంది. చిన్నపేగు లేనివాడికి నోరు ఉండీ లేనట్టే. ప్రతి రాత్రీ ఛాతీ దగ్గర పెట్టిన గొట్టం ద్వారా పన్నెండు గంటలపాటు తెల్లని పోషకద్రవం నరంలోకి ఎక్కుతుంది. పిండిపదార్థం, మాంసకృత్తులు, కొవ్వు, లవణాలు అన్నీ అందులోనే. మా కోడలు చేతులు కడుక్కోవడం, గొట్టం మూత తుడవడం, సంచి తగిలించడం నర్సు కంటే బాగా నేర్చుకుంది. సంచి ఖర్చు రోజుకు వేలల్లో ఉంటుంది. ముందు మా పొడ తూరుపు కోడెల జత అమ్మాం. తర్వాత చేను. కోడెలు పోయిన దినం వాడు ఏడ్చాడు, చేను పోయిన దినం ఏడవలేదు.

గొట్టం ద్వారా బతకడానికి కూడా ఒక హద్దుంది. గొట్టంలో సూక్ష్మజీవులు చేరితే జ్వరం నేరుగా రక్తంలోకే వస్తుంది. మావాడికి మూడుసార్లు వచ్చింది. నెలల తరబడి ఆ ద్రవం ఎక్కితే కాలేయం పాడవుతుంది. గొట్టం పెట్టే నరాలు ఒక్కొక్కటే మూసుకుపోతాయి. 2024లో కళ్ళు పచ్చబడ్డప్పుడు, ఇక పేగు మార్పిడి ఆలోచించాల్సిందే అన్నారు. 2013 నుండి నడుస్తున్న జీవన్‌దాన్ పథకంలో వాడి పేరు నమోదైంది. మెదడు చనిపోయిన వ్యక్తి కుటుంబం అవయవాలిస్తే, వరుస ప్రకారం, రక్తపు గ్రూపు ప్రకారం అవి వెళతాయి. మూత్రపిండం కోసం ఎదురుచూసేవారు వేలల్లో ఉంటే, పేగు కోసం ఉన్నవారు వేళ్ళ మీద లెక్కపెట్టేటంత మంది. దానికి తగ్గట్టే పేగు మార్పిడి చేసే చోట్లూ తక్కువే. 2025 ఏప్రిల్‌లో హైదరాబాదు ఉస్మానియా జనరల్ ఆస్పత్రిలో 40 ఏళ్ళ మనిషికి, మావాడిలాగే పేగు పోగొట్టుకున్నవాడికి, మరణించిన దాత చిన్నపేగు అమర్చారని పత్రికల్లో చదివాం. సర్కారు ఆస్పత్రిలో అటువంటిది జరగడం మన రాష్ట్రంలో అదే మొదలు. ఆ కాగితం ముక్క కత్తిరించి గోడకు అంటించాం. మావాడు దాన్ని చూసి, "నాకు చిన్న ముక్క దొరికినా చాలు నాయినా" అన్నాడు.

అదే ఏడు సెప్టెంబరులో ఒక రాత్రి పదకొండు గంటలకు ఫోను మోగింది. పేగు దొరికే అవకాశముంది, ఏమీ తినిపించకుండా వెంటనే బయలుదేరమన్నారు. ఊళ్ళో ఒకరి కారు మాట్లాడుకుని, మావాణ్ణీ కోడలినీ ఎక్కించుకుని బయలుదేరాం. ఒకటే వాన. డిండి దాటేదాకా ఎవరం మాట్లాడలేదు. తెల్లవారుజామున నాలుగింటికి ఆస్పత్రిలో ఉన్నాం. రక్తం తీశారు, సంతకాలు పెట్టించుకున్నారు, వాడికి ఆకుపచ్చ గౌను తొడిగారు.

దాత దూరపు ఊళ్ళో ఉన్నాడు. ఇంతకంటే మాకు చెప్పలేదు, చెప్పకూడదు కూడా. తెల్లవారుజామున 4 గంటల 40 నిమిషాలకు అక్కడ రక్తప్రసారం ఆపి, చల్లని ద్రవం ఎక్కించారు. ఆ నిమిషం నుండి గంటలు లెక్కపెడతారని అప్పటికి మాకు తెలియదు. పేగును పెట్టెలో సర్ది బయలుదేరారు. దారిలో వాగు రోడ్డు మీదికి వచ్చింది. బండి వెనక్కి తిరిగి చుట్టుదారిన రావలసి వచ్చింది. పెట్టె మా ఆస్పత్రి ఆపరేషను గదిలోకి పోయేసరికి మధ్యాహ్నం ఒంటిగంటన్నర. కారిడారులో మా ముందునుండే దాన్ని పరుగున తీసుకుపోయారు. తెల్లని థర్మకోల్ పెట్టె. చేపలు తెచ్చే పెట్టెలాంటిదే. ఆ పోలిక మా మనసులోకి వచ్చినందుకు సిగ్గుపడ్డాం.

రెండున్నరకు సర్జన్‌గారు బయటికి వచ్చారు. వచ్చి నిలబడి మాట్లాడలేదు, మా పక్కన బెంచీ మీద కూర్చున్నారు. అప్పుడే మాకు అర్థమైంది. మావాడి కడుపు ఇంకా కోయలేదు. వచ్చిన పేగు ఉబ్బి, పాలిపోయి ఉంది. దాని చివర కొద్దిగా కోసి లోపలి పొర చూశారు. అది ముట్టుకుంటే ఊడుతోంది. "ఇది పెట్టడం కంటే పెట్టకపోవడమే మీ అబ్బాయికి మేలు" అన్నారు.

వాణ్ణి మళ్ళీ వార్డుకు తెచ్చారు. రాత్రికి తెల్ల సంచి మళ్ళీ తగిలించారు.

ఆ రాత్రి మా మనసులో తిరిగిన ఆలోచనలు దాచిపెట్టడం న్యాయం కాదు. పెట్టెలో మంచు ఉంది కదా, మూత సరిగానే ఉంది కదా, మరి ఎందుకు చెడింది? ఎవరైనా డబ్బున్నవాడికి మంచిది ఇచ్చి, మాకు పాతది చూపించారా? ఊరికి ఫోను చేస్తే అక్కడివాళ్ళు ఈ మాటే గట్టిగా అన్నారు. ఆ ఒక్క రాత్రి మేమూ నమ్మాం. తెల్లారాక సర్జన్‌గారి గది ముందు కూర్చుని, "మాకు అర్థమయ్యేటట్టు చెప్పండి, మేము చదువుకున్నవాళ్ళమే" అని కొంచెం కోపంగానే అడిగాం. ఆయన కోపగించుకోలేదు. ఒక మందుచీటీ వెనక బొమ్మ గీసి ముప్పావుగంట చెప్పారు. తర్వాత ఇంకొన్ని పుస్తకాలు చూసి మేము నేర్చుకున్నదీ కలిపి మీకు చెబుతున్నాం. ఇది మా ఒక్క ఇంటి సంగతి కాదనిపించింది.

చల్లదనం గడియారాన్ని ఆపదు, నెమ్మది చేస్తుంది. మన ఒంటి వేడి 37 డిగ్రీలు. అవయవాన్ని 4 డిగ్రీలకు దింపితే కణాల పని సుమారు పదో వంతుకు పడిపోతుంది. పదో వంతు మాత్రం నడుస్తూనే ఉంటుంది. ఆ కొద్ది పనికీ శక్తి కావాలి, రక్తం లేదు కనుక కొత్త శక్తి రాదు. ఉన్నది కరిగిపోతుంది. ఆ శక్తి పేరు ఏ.టి.పి. అని ఆయన చెప్పగానే, పంతులుగా పనిచేసినవారం గనుక పాఠం గుర్తొచ్చింది. 1895లో భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావుగారు, అమెరికాలో ఫిస్కేగారితో కలిసి 1929లో కండరంలో ఏ.టి.పి.ని కనుగొన్నారు. ఆయన సోదరులిద్దరు స్ప్రూ అనే పేగు జబ్బుతో కొద్దిరోజుల తేడాతో పోయారు. తర్వాత ఆయన నడిపించిన ప్రయోగశాలలోనే, ఆ జబ్బుకు పనికొచ్చే ఫోలిక్ ఆమ్లం తయారీ సాధ్యమైంది. బడిలో ఎన్నో ఏళ్ళు ఆ పేరు చెప్పాం గానీ, మా ఇంటి కష్టంలో అది ఇలా వినబడుతుందనుకోలేదు.

శక్తి అయిపోతే ఏమవుతుంది? కణం గోడలో ఉప్పును బయటికి తోసే పంపులుంటాయి. బావి తవ్వేటప్పుడు ఊటనీరు తోడే ఇంజను ఆగితే బావి నిండినట్టు, ఆ పంపులు ఆగితే ఉప్పూ, దాని వెంట నీరూ లోపలికి చేరి కణం ఉబ్బుతుంది. ఇందుకే ఊరికే ఐసునీళ్ళు చాలవు. 1980లలో అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో బెల్జర్, సౌథర్డ్ అనే ఇద్దరు కణం ఉబ్బకుండా పట్టి ఉంచే ద్రవం తయారుచేశారు. ఇప్పటికీ చాలాచోట్ల అదే వాడుతున్నారు. దానితో మూత్రపిండం ఒక దినం, ఒక్కోసారి ఇంకొంచెం ఎక్కువ కూడా ఆగుతుంది. కాలేయం పన్నెండు గంటల దాకా. గుండె నాలుగు నుండి ఆరు గంటలు. పేగును ఆరేడు గంటల్లోపు పెడితే మేలు, తొమ్మిది పది గంటలయ్యేసరికి భయమే.

"అయితే డీప్ ఫ్రిజ్‌లో గడ్డకట్టించరాదా?" అని మాలో ఒకరం అడిగాం. "టమాటాను డీప్ ఫ్రిజ్‌లో పెట్టి తీసి చూశారా అమ్మా?" అన్నారాయన. నీరు మంచుపలుకులై లోపలి గోడలన్నీ చీలుస్తుంది. తీశాక మెత్తటి గుజ్జు. పెట్టెలో కూడా అవయవాన్ని ఐసుకు తగలనివ్వరు. మూడు సంచులలో ఒకదానిలో ఒకటి పెట్టి, బయటే ఐసు వేస్తారు.

సరే, అన్నిటికీ అదే ద్రవం, అదే ఐసు. పేగే ఎందుకు ముందు పోతుంది? మాకు ఎక్కువ ఆశ్చర్యం కలిగించిన పాఠం ఇదే.

చిన్నపేగు లోపలి గోడ మీద లక్షలాది సన్నని వేళ్ళలాంటి చూషకాలుంటాయి. అన్నసారాన్ని పీల్చుకునేవి అవే. ఒక్కొక్క వేలు లోపల ఒక నాళం పైకి పోతుంది, దాని పక్కనుండే మరొకటి కిందికి వస్తుంది. పైకి పోయే రక్తంలోని ప్రాణవాయువు కొంత దారిలోనే పక్కనాళంలోకి జారిపోతుంది. అందువల్ల ఆరోగ్యంగా ఉన్న మనిషిలో కూడా వేలి కొనకు అందేది తక్కువే. కాలువ చివరి మడి సంగతి మనకు తెలియనిదా? నీళ్ళు తగ్గిన ఏడు ముందు ఎండేది అదే. రక్తం ఆగినప్పుడు చూషకం కొన దగ్గర పైపొర కిందినుండి లేస్తుంది, అన్నం మాడినప్పుడు గిన్నె అడుగు పెచ్చు లేచినట్టు. 1970లో కెనడాలో చియు అనే వైద్యుడూ ఆయన తోటివారూ ఈ చెడిపోవడాన్ని సున్న నుండి అయిదు వరకు మెట్లుగా రాశారు. సున్న అంటే బాగున్న పొర. ఒకటిలో కొన కింద చిన్న ఖాళీ. రెండులో ఆ ఖాళీ పెరిగి పొర లేస్తుంది. మూడులో పక్కలు కూడా లేచి, కొన్ని కొనలు బట్టబయలవుతాయి. నాలుగులో చూషకాల మీద పొరే ఉండదు. అయిదులో లోపలి కండే కరిగి రక్తం కారుతుంది.

దీనికి తోడు పేగు ఖాళీ గొట్టం కాదు. అందులో అన్నాన్ని అరిగించే రసాలున్నాయి, పిత్తరసం ఉంది, కోటానుకోట్ల సూక్ష్మజీవులున్నాయి. బతికి ఉన్నప్పుడు లోపలి పొర వాటన్నిటినీ హద్దులో పెడుతుంది. పొర లేచిన తర్వాత మాంసం అరిగించే రసానికి ఇది మన పేగే అన్న వివక్ష ఉండదు, దాన్నీ అరిగిస్తుంది. గుండెకూ మూత్రపిండానికీ లోపల ఇటువంటి పగవాడు లేడు. బోటి మాపటికి ఎందుకు ఆగదో, ఇన్నేళ్ళకు ఒక సర్జన్ నోట విన్నాం. ఆ ముసలామె మాట ఆయనకు చెబితే ఆయన నవ్వి, "మా పుస్తకంలో నాలుగు పేజీలు ఆ ఒక్క మాటకే" అన్నారు.

ఇంకొక విషయం వింటే మీకూ వింతగా ఉంటుంది. మంచులో ఉన్నంతసేపు జరిగే నష్టం ఒక ఎత్తు, అమర్చిన తర్వాత వెచ్చని రక్తం తిరిగి పారినప్పుడు జరిగేది ఒక ఎత్తు. ఆకలితో పడి ఉన్న కణాలలోకి ప్రాణవాయువు ఒక్కసారిగా వస్తే, అందులో కొంత విషంగా మారి పొరలను కాలుస్తుంది. పేగు గోడలో ఆ మార్పు చేసే పదార్థం ఎక్కువ. దాన్ని అడ్డుకోవడానికే ఆ విస్కాన్సిన్ ద్రవంలో అల్లోప్యూరినాల్ అనే మందు కలుపుతారు. గౌటు జబ్బుకు మన ఊళ్ళలో ఇచ్చేది కూడా అదే. పొర చెడిన పేగును మావాడికి పెట్టి ఉంటే, దానిలోని సూక్ష్మజీవులు నేరుగా రక్తంలోకి పోయి ఉండేవి. పైగా వాడి ఒళ్ళు ఆ పేగును తిరస్కరించకుండా రోగనిరోధక శక్తిని మందులతో అణచి ఉంచాలి. వచ్చిన జ్వరాన్ని ఎదుర్కొనే బలం వాడికి ఉండేది కాదు.

చిన్న దెబ్బ అయితే పేగు తనను తాను బాగుచేసుకుంటుంది. చూషకాల అడుగున ఉన్న గుంటలలో కొత్త కణాలు పుట్టి, నాలుగైదు రోజుల్లో పొరంతా కొత్తదవుతుంది. మన ఒంట్లో ఇంత త్వరగా మారే పొరలు బహు కొద్ది. అందుచేత ఒకటో మెట్టు, రెండో మెట్టు దెబ్బకు సర్జన్లు భయపడరు. గుంటలు కూడా పోతే మళ్ళీ మొలిచే విత్తనమే ఉండదు.

ఆరోగ్యవంతమైన పేగు చల్లదనంలో కొంతసేపు ఆగగలదని తెలిసి చాలా ఏళ్ళయింది. 1959లోనే అమెరికాలో లిలీహై అనే సర్జన్ కుక్క పేగును తీసి అయిదు గంటలు చల్లగా ఉంచి మళ్ళీ అమర్చితే అది బతికింది. ఇన్నేళ్ళయినా ఆ అయిదు గంటల మీద మనం ఎక్కువ దూరం పోలేదు కదా అని మాకు అనిపించింది. ఇప్పుడు పేగు లోపలి గొట్టంలోకి కూడా ద్రవం నింపి చూస్తున్నారు. మలబద్ధకం మందులో ఉండే పాలీఎథిలీన్ గ్లైకాల్ వంటివి లోపల నింపితే పొర ఎక్కువసేపు నిలుస్తుందని జంతువుల మీది ప్రయోగాల్లో కనబడింది. కాలేయానికి, మూత్రపిండానికి ద్రవాన్ని ఆగకుండా పారించే యంత్రాలు కొన్ని ఆస్పత్రుల్లో వాడుకలోకి వచ్చాయి. పేగుకు అవి ఇంకా ప్రయోగంలోనే ఉన్నాయి.

వారం తర్వాత ఆయన మమ్మల్ని పిలిచి ఒక ఫొటో చూపించారు. ఆ దినం తెచ్చిన పేగు ముక్కను సూక్ష్మదర్శిని కింద పెట్టి తీసినది. పక్కనే బాగున్న పేగు ఫొటో. ఒకటి వరిమడిలా ఉంది. మరొకటి కోత అయిపోయిన మడిలా ఉంది. "నాలుగో మెట్టు" అన్నారు. ఆ ఫొటో చూశాక మా అనుమానం పోయింది. ఎవరికో ఇచ్చి మాకు ఇవ్వలేదన్న మాట ఊళ్ళో ఇంకా కొందరు అంటున్నారు. మేము అనడం లేదు.

ఆ గదిలోనే, అడగాలా వద్దా అని రెండేళ్ళుగా మేము ఒకరితో ఒకరం కూడా అనుకోని మాట ఒకటి బయటికి వచ్చింది. మంచులో ఉన్న పేగుకే ఆరేడు గంటలు గడువైతే, ఒంటి వేడిలో రక్తం ఆగిన పేగుకు ఎంత గడువు? ఆయన కొంచెంసేపు ఊరుకున్నారు. రక్తం పూర్తిగా ఆగితే గంటలోపే లోపలి పొర దెబ్బతినడం మొదలవుతుంది, ఆరు గంటల ప్రాంతానికి గోడంతా చచ్చిపోవచ్చు అన్నారు. అంటే మేము వాము కాచిన రాత్రి, సోడా కోసం దుకాణం తలుపు తట్టిన రాత్రి, "తెల్లారనీ, చూద్దాం" అనుకున్న రాత్రి. "ఆ రాత్రే వస్తే బతికేదా పేగు?" అని అడిగాం. "అది ఎవరూ చెప్పలేరమ్మా. గడ్డ ఒకేసారి మూసిందో, మెల్లగా మూసిందో మనకు తెలియదు" అన్నారు. ఆయన మమ్మల్ని ఓదార్చడానికి అన్నారో, నిజమే అన్నారో ఇప్పటికీ మాకు తేలలేదు. బయటికి వచ్చి క్యాంటీనులో టీ తెచ్చుకుని తాగకుండానే కూర్చున్నాం. మాలో ఎవరు వాము కాచారు, ఎవరు తెల్లారనీ అన్నారు అనేది ఇక్కడ రాయం. ఇద్దరం అనుకున్నదే.

మావాడికి ఈ సంగతులన్నీ చెప్పాం. వాడు చివరిదాకా విని ఒక్కటే అడిగాడు: "పేగు ఇచ్చినోళ్ళకు తెలుసా, అది నాకు పెట్టలేదని?"

మాకు ఆ ప్రశ్న తట్టనే లేదు. మేము పోగొట్టుకున్నదే చూసుకుంటున్నాం. ఆ పెట్టెకు అవతలి చివర ఇంకొక ఇల్లుంది. అక్కడ ఒక కొడుకో భర్తో పోయాడు. ఇంకా గుండె కొట్టుకుంటున్న ఒంటిని చూస్తూ, ఏడుస్తూనే ఎవరో సంతకం చేశారు. వాళ్ళ సంఘంలోనో, కులంలోనో, "నిండు ఒంటితో పంపండి" అన్నవాళ్ళు ఉండే ఉంటారు. మా ఊళ్ళోనూ అంటారు. అయినా ఇచ్చారు. పేర్లు అడగకూడదన్నది నియమం, అది మంచిదే. అడిగితే మాకు చెప్పినది ఇంతే: అదే దాత కాలేయం, రెండు మూత్రపిండాలు వేరే ముగ్గురికి వెళ్ళాయి, ముగ్గురూ బాగున్నారు. వాటికి గడువు ఎక్కువ కనుక వాగు అడ్డొచ్చినా చేరాయి.

ఇప్పుడు మేము హైదరాబాదులో, ఆస్పత్రికి పావుగంట నడక దూరంలో ఒక గది అద్దెకు తీసుకుని ఉంటున్నాం. మన్ననూరు ఘాటూ, ఆ 150 కిలోమీటర్లూ మా వంతు ఆలస్యం కాకూడదని. దాత ఊరు ఎక్కడుంటుందో మన చేతిలో లేదు. అమ్రాబాద్ ఇంటికి నెలకొకసారి పోయి దీపం పెట్టి వస్తాం. కోడలు టైలరింగ్ పని దొరకబుచ్చుకుంది. మనవరాలు ఇక్కడి బడిలో రెండో తరగతి. మావాడి బరువు 44 కిలోలు. కళ్ళ పసుపు ఈ నెల కొంచెం తగ్గింది. పోయిన ఆదివారం బోటి తినాలనుంది అన్నాడు. పొద్దున్నే తెచ్చి, వెంటనే కడిగి, వండాం. రెండు ముక్కలు నమిలి, రసం తాగి, మిగతాది కూతురి పళ్ళెంలో వేశాడు.

ఈ పత్రిక దూరపు ఊళ్ళకు కూడా పోతుందని తెలుసు. 2025 సెప్టెంబరులో వాన కురిసిన ఒక రాత్రి మీ ఇంటివాడి అవయవాలకు సంతకం చేసినవారు దీన్ని చదివేవారిలో ఉంటే, మావాడు చెప్పమన్న మాట ఇది. మీరిచ్చిన పేగు మా దాకా వచ్చింది. మీ తప్పు లేదు, తెచ్చినవారి తప్పు లేదు. తెల్లని పెట్టెలో మా ముందునుండే లోపలికి పోయింది. మేము లేచి నిలబడ్డాం.